ఫ్లాట్ నాకిస్తాడంట, ఈఎంఐ కూడా నాకేనంట

తిరుపతి నుంచి ఒక టీచరమ్మ రాశారు. వయసు 36, ప్రైవేట్ స్కూల్లో జీతం 34 వేలు, పాపకి 8 ఏళ్లు, బాబుకి 4. ఆయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్, చేతికి లక్షా 10 వేలు వస్తుంది. ఏడాదిన్నరగా విడిగానే ఉంటున్నారు, ఇద్దరూ ఒప్పుకునే మ్యూచువల్ డైవర్స్‌కి వెళ్దామనుకుంటున్నారు. తిరుచానూరు రోడ్డులో ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉంది, ఇప్పుడు 58 లక్షలు పలుకుతుంది, లోన్ ఇంకా 31 లక్షలు, ఈఎంఐ 31,600. ఆయన మాట ఏందంటే "ఫ్లాట్ నువ్వే పెట్టుకో, ఈఎంఐ నువ్వే కట్టుకో, ఇంక నన్నేమీ అడగొద్దు. లేదంటే ఫ్లాట్ నాకు రాసిచ్చేయ్, 12 లక్షలిస్తా". పిల్లలు ఎట్లాగూ ఈమె దగ్గరే. రెండిట్లో ఏది తీసుకోవాలి అని అడిగారు.

రెండూ వద్దమ్మా.

మొదటిది చూడండి, 34 వేల జీతంలో 31,600 పోతే మిగిలేది 2,400, దాంతో ముగ్గురు ఎట్లా బతుకుతారు? రెండోది ఇంకా తమాషా. 58లో లోన్ 31 తీసేస్తే మిగిలేది 27 లక్షలు, సమంగా పంచుకుంటే మీ వాటా పదమూడున్నర, ఆయన ఇస్తానంటున్నది 12. అంటే మీ వాటాలోనే లక్షన్నర కోసేసి, భరణం కింద ఒక్క రూపాయి కూడా పెట్టకుండా, ఏదో ఇస్తున్నట్టు మాట్లాడుతున్నాడు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నెట్ జీతంలో 25 శాతం భార్యకి ఇవ్వడం సబబే అంది. అది అందరికీ వర్తించే రూల్ కాదు, మీకూ జీతం ఉంది కాబట్టి తగ్గొచ్చు, కానీ ఈయన జీతానికి ఆ లెక్క వేస్తే నెలకి 27,500, అట్లా చూస్తే 12 లక్షలంటే నాలుగేళ్లు కూడా రావు.

ఇంకో సంగతి, చాలామంది దీని దగ్గరే దెబ్బ తింటారు. కోర్టు మీ పెళ్లిని రద్దు చేస్తుంది గానీ బ్యాంకులో మీ సంతకాన్ని రద్దు చేయదు. లోన్ ఇద్దరి పేరు మీద ఉన్నన్నాళ్లూ మొత్తం బాకీకి ఇద్దరూ బాధ్యులే, ఒప్పందంలో "ఈఎంఐ భర్తే కట్టాలి" అని రాసుకున్నా ఆయన ఎగ్గొడితే బ్యాంకు మీకే ఫోన్ చేస్తుంది, మీ సిబిల్ స్కోర్ (అప్పు సరిగ్గా కడతారా లేదా అని బ్యాంకులు చూసే మార్కు) కూడా పడిపోతుంది. అందుకే ఫ్లాట్ ఆయనకి వదిలేసినా సరే, లోన్ నుంచి మీ పేరు తీసేసినట్టు బ్యాంకు కాగితం ఇచ్చేదాకా వదిలేసినట్టు కాదు.

నేనైతే మూడో దారి అడుగుతా. మీ జీతానికి బ్యాంకులు మామూలుగా సగం దాకా అంటే 17 వేల ఈఎంఐకి ఒప్పుకుంటాయి, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకైతే 19 లక్షల లోన్ వస్తుంది, ఈఎంఐ 16,500 దగ్గర పడుతుంది. ఆయన ఇస్తానన్న ఆ 12 లక్షలు మీ చేతికి వద్దు, నేరుగా లోన్‌లో కట్టమనండి, మిగతా 19 మీ ఒక్కరి పేరు మీదకి మార్చుకుని ఫ్లాట్‌లో ఆయన సగం భరణం కింద మీకు రాసివ్వమనండి. ఒప్పుకోకపోతే? అమ్మేయడమే. గృహప్రవేశం చేసిన ఇల్లు అని మనసు లాగుతుంది, తెలుసు, కానీ ఖర్చులు పోగా మీ వాటా, దానిపైన భరణం తీసుకుని స్కూల్ దగ్గర 12 వేల అద్దెకి ఉండటం నామోషీ ఏమీ కాదు.

పిల్లల డబ్బు ఈ బేరంలో కలపొద్దు. "ఇంక ఏమీ అడగను" అని మీరు సంతకం పెట్టినా అది మీ వరకే, పిల్లల పోషణ వాళ్ల హక్కు, దాన్ని వదులుకునే అధికారం మీకు లేదు. నెలకి ఇంత, ఏటా ఇంత శాతం పెంపు, స్కూల్ ఫీజు నేరుగా స్కూల్‌కే అని రాయించండి. పాప పేరు మీద సుకన్య ఖాతా (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఉందన్నారు, 2024 జనవరి నుంచి 8.2 శాతం వస్తోంది దానికి, ఏటా ఎంత ఎవరు వేయాలో కూడా అందులోనే రాయండి. ఆయనకి ఏమన్నా అయితే ఈ నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుంది కదా, కాబట్టి డిక్రీకి, అంటే విడాకుల తీర్పుకి ముందే ఆయన మీద ఒక టర్మ్ పాలసీ (ఆయన పోతే డబ్బు వచ్చే జీవిత బీమా), ఎండబ్ల్యూపీ యాక్ట్ (పెళ్లైన ఆడవాళ్ల ఆస్తి చట్టం) కింద పిల్లలే లబ్ధిదారులుగా తీయించండి. అట్లా తీస్తే తర్వాత ఎవరూ మార్చలేరు.

టైమింగ్ చాలా ముఖ్యం. మ్యూచువల్‌లో మొదటి పిటిషన్‌కీ రెండోదానికీ మధ్య ఆర్నెల్లు, 2017 తర్వాత కోర్టు తలచుకుంటే అది కూడా తగ్గిస్తుంది. రెండోసారి జడ్జి ముందు నిలబడి సరే అనేదాకా మీ చేతిలో పట్టు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. అందుకే లోన్ మార్పు, రిజిస్ట్రేషన్, తాకట్టులో ఉన్నాయని మీరు రాసిన 30 సవర్ల నగలు విడిపించడం అన్నీ ఆలోపే అయిపోవాలి. అవి మీ పుట్టింటోళ్లు పెట్టినవి, స్త్రీధనం, అంటే మీ ఒక్కరి సొత్తు, ఆయన వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే, భరణం లెక్కలో వాటిని కలిపితే ఒప్పుకోవద్దు. పన్నుకి కూడా ఇదే మంచిది, డిక్రీ రాకముందు భర్త రాసిచ్చిన ఆస్తి దగ్గరి బంధువు ఇచ్చినట్టు, మీకు పన్ను పడదు, డిక్రీ తర్వాత ఆయన మీకు బంధువు కాదు. ఒకేసారి తీసుకున్న భరణం మీద మామూలుగా పన్ను ఉండదు, మీ పేరున నెలనెలా వచ్చేది మాత్రం ఆదాయం కింద చూపించాలి.

హెల్త్ ఇన్సూరెన్స్ ఆయన కంపెనీదే కదా, డైవర్స్ అయిన రోజు నుంచి పిల్లలకి ఉంటుంది, మీకు ఉండదు. ఇప్పుడే సొంతంగా ఒకటి తీసుకోండి, పాత జబ్బులకి వెయిటింగ్ మూడేళ్ల దాకా పెట్టొచ్చు, అది ఇప్పుడే మొదలైతే నయం. పీఎఫ్, ఎల్ఐసీ నామినీలు కూడా మార్చుకోండి.

పిల్లల్ని చూడటం గురించి ఒక్క లైనే రాశారు, "వస్తే చూస్తాడు" అని. అట్లా వదలొద్దు. ఏ శనివారాలు, ఎండాకాలం సెలవుల్లో ఎన్ని రోజులు, ఎవరు దింపాలి అన్నీ రాసుకోండి. పలమనేరులో మీ అమ్మగారి ఇల్లు బెంగళూరు దారిలోనే కాబట్టి అక్కడ అప్పజెప్పుకుంటే పిల్లలకీ అంత దూరం బస్సు ప్రయాణం తప్పుతుంది. ఒక నెల డబ్బు పడలేదని పిల్లల్ని పంపకుండా ఆపకండి, డబ్బుకి వేరే పిటిషన్ ఉంది, పైగా అట్లా ఆపితే రేపు కోర్టులో అది మీకే అడ్డం వస్తుంది.

లాయర్‌కి డబ్బులు లేవన్నారు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. వెళ్లేముందు బ్యాంకు నుంచి లోన్ స్టేట్‌మెంట్, ఆయన పాత ఫామ్ 16లు (జీతం, కోసిన పన్ను చూపించే కంపెనీ కాగితాలు) ఏవైనా ఇంట్లో ఉంటే అవి, నగల బిల్లులు, పెళ్లి ఫొటోల్లో నగలు కనిపించేవి ఒక కవర్లో పెట్టుకోండి. ఆయన ప్రింట్ తీసి పంపిన ఆ రెండు పేజీల ఒప్పందం మీద మాత్రం లాయర్ చూసేదాకా సంతకం పెట్టకండి.