బొమ్మలు గీసే పద్ధతిని పద్యాల్లో ఎందుకు చెప్పారు?

17వ శతాబ్దపు యూరప్‌లో కొందరు అలా చెప్పింది కొంత పరువు కోసం కూడా. చిత్రకారుణ్ణి చేతిపనివాడిగా చూసే అలవాటు ఇంకా పోలేదు. లాటిన్ పద్యంలో చెబితే అదీ శాస్త్రమే అనిపించుకుంటుంది. పైగా కంఠస్థం చేయడం తేలిక.

ఫ్రెంచ్ చిత్రకారుడు డ్యు ఫ్రెనోయ్ రాసిన లాటిన్ పద్యకావ్యం 'దె ఆర్తె గ్రాఫికా' (చిత్రకళ గురించి, 1668) ఇందుకు మంచి ఉదాహరణ. దీనికి నమూనా ప్రాచీన రోమన్ కవి హోరేస్ రాసిన కావ్యశాస్త్రం. అయినా సలహాలు పక్కా ప్రాక్టికల్: ముఖ్యపాత్ర బొమ్మ మధ్యలో, ఎక్కువ వెలుతురులో నిలబడాలి. బొమ్మలకు గొంతు లేదు కాబట్టి మూగవాళ్ల సైగలను చూసి భంగిమలు నేర్చుకోవాలట! నాకైతే పుస్తకం మొత్తానికీ ఇదే హైలైట్.

తమాషా ఏంటంటే, 1695లో దీన్ని ఇంగ్లీషు చేసిన డ్రైడెన్ స్వయంగా మహాకవి, కానీ వచనంలోనే రాశాడు.