ఒక్క అయ్యవారు, అయిదు తరగతులు

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. అరవైల్లో అక్కడి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఒకే గది, ఒకే అయ్యవారు. బెంగళూరులో ఉండే మనవడికి చెబితే "అయిదు క్లాసులూ ఒక్కరే ఎట్ల చెప్తారు అవ్వా?" అంటాడు. ఎలా చెప్పారో ఇప్పుడు తలుచుకుంటే నాకూ ఆశ్చర్యమే. ఇంకో సంగతి. నేను కార్తీక మాసంలో పుట్టానని మా అమ్మ చెప్పేది. సర్టిఫికెట్‌లో మాత్రం జూలై 1 ఉంది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, నేను అలాంటి బడిలోనే చదివాను, తర్వాత అలాంటి బళ్లలోనే చెప్పాను. అయ్యవారు అయిదు తరగతులకూ ఒకేసారి చెప్పేవారు కాదు. ఒక తరగతికి చెబుతుంటే మిగతా వాళ్ల చేతికి పని ఇచ్చేవారు. రెండో తరగతికి చూచిరాత, మూడో తరగతికి కూడికలు. అయిదో తరగతిలో చురుకైన పిల్లలు ఒకటో తరగతి వాళ్ల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించేవాళ్లు. పెద్దవాళ్లకు చెప్పే పాఠం చిన్నవాళ్ల చెవిన పడుతూనే ఉండేది. మూడో తరగతిలో ఉండగానే నాకు పై తరగతి వేమన పద్యాలు నోటికొచ్చాయి. ఒకే గదిలో అందరూ ఉండటం లోటని అంటారు గానీ, నేర్చుకునే పిల్లకు అది మేలే చేసిందని నా నమ్మకం.

మా బడి పీర్ల చావిడిలో నడిచేది. మొహర్రం రోజుల్లో చావిడి పీర్లకు వదిలేసి మేం వేపచెట్టు కిందికి వెళ్లేవాళ్లం. చావిడి నేలంతా నాపరాళ్లు. పలక పగిలినవాడు కొత్తది కొనేదాకా ఆ బండల మీదే బలపంతో రాసేవాడు. పలకలు మార్కాపురం నుంచి వచ్చేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు అప్పట్లో మన పక్కనున్న కర్నూలు జిల్లాలోదే.

మీరు మరిచిపోయి ఉంటారేమో, లెక్కల్లో ఆ రోజుల్లో రెండింతల పని. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయా పైసలు వచ్చాయి. బళ్లో అవి నేర్చుకుంటాం. ఇంటికెళ్తే అవ్వ రూపాయికి పదహారణాల లెక్కే అడుగుతుంది. తూకాల్లోనూ అంతే. బళ్లో కిలోలు, అంగట్లో ఎనిమిది వీశెలు ఒక మణుగు. అయ్యవారు రెండూ చెప్పేవారు. సాయంత్రం బడి వదిలే ముందు అందరం నిలబడి ఎక్కాలు చెప్పాలి. ఇరవయ్యో ఎక్కం దాకా వస్తే గానీ రైలుపట్టా ముక్క మోగేది కాదు. ఆ ఎక్కాలు నాకు ఇప్పటికీ తడుముకోకుండా వస్తాయి.

నల్లరేగడి ఊళ్లలో పత్తి తీసే కాలం వస్తే బళ్లో ఆడపిల్లలు సగానికి సగం తగ్గిపోయేవాళ్లు. మా అయ్యవారు పొద్దున్నే వీధుల్లో తిరిగి, "అమ్మా, పిల్లను ఒక్కపూటన్నా పంపండి" అని బతిమాలేవారు. నేను ఉద్యోగంలో చేరాక అదే పని చేశాను. అయిదో తరగతి దాకా చదివానని మీరు రాశారే, ఆ రోజుల్లో ఒక ఆడపిల్లకు అది చిన్న విషయం కాదమ్మా. మీ మనవడికి ముందు చెప్పాల్సింది అదే.

ఇక జూలై 1. పల్లెల్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇల్లు అరుదు. పిల్లను తీసుకొస్తే అయ్యవారు కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టే. చేర్చుకునేది జూన్, జూలై నెలల్లో కాబట్టి, అప్పటికి వయసు సరిపోయేలా వెనక్కి లెక్కగట్టి జూలై 1 వేసేవారు. అందుకే మన వయసు వాళ్లలో ఎంతోమందికి అదే పుట్టినరోజు.

మీ పేరు, మీ నాన్నగారి పేరు, చేరిన తేదీ ఊరి బడిలోని అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసి ఉంటాయి. ఆ బడిని వేరే బడిలో కలిపేసి ఉంటే, కలిపిన బళ్లో అడగండి. సెలవులకు మనవడు వచ్చినప్పుడు వెంట తీసుకెళ్లి, హెడ్‌మాస్టరు గారికి సంగతి చెప్పి ఆ పేజీ చూపించమనండి.