మొదటి వార్డు పోస్టింగ్: నీ ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు

కనిగిరి నుంచి వచ్చి ఒంగోలులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి సంవత్సరం చదువుతున్నానని, వచ్చే వారం నుంచి వార్డు పోస్టింగ్ అని, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని రాశావు. మొదటి ఏడాదంతా దుప్పట్లు మార్చడం, రిపోర్టులు తేవడమేనని సీనియర్లు అంటున్నారట. పొరపాటు జరిగితే ఏమవుతుందని కూడా అడిగావు. చెల్లీ, నేను నెల్లూరులో జీఎన్ఎం చదివాను. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఏటా నీలాంటి పిల్లలు మా వార్డుకు వస్తారు, వాళ్ల ముఖాల్లో ఇవే ప్రశ్నలు చూస్తుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రక్తం సంగతి ముందు చెబుతాను. అది నువ్వు అనుకున్నంత పెద్ద సమస్య కాదు. మా వార్డులో కళ్లు తిరిగి పడిపోయిన పిల్లల్లో ఎక్కువ మంది ఉదయం ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. హాస్టల్లో టిఫిన్ ఆలస్యమైందని టీతో సరిపెట్టుకుంటారు. ఉక్కపోతలో మాస్కు పెట్టుకుని, డ్రెస్సింగ్ చేసే మంచం పక్కన కదలకుండా బిగుసుకుని నిలబడతారు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట, చూపు మసకబారడం మొదలైతే ఓర్చుకుంటూ నిలబడకు. నాలుగడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుని కింద కూర్చో, తల మోకాళ్ల మధ్యకు వంచు. నిలబడినంతసేపూ కాళ్ల కండరాలు బిగించి వదులుతూ ఉంటే చాలాసార్లు అంతవరకూ రాదు. నీకు ఇలా అవుతుందని మీ ట్యూటర్ మేడంకు ముందే చెప్పి ఉంచు. చాలామందికి కొన్ని వారాల్లోనే ఇది పోతుంది.

దుప్పట్ల గురించి మీ సీనియర్లు చెప్పింది నిజమే. కానీ అది తక్కువ పని అనుకుంటే చాలా పోగొట్టుకుంటావు. దుప్పటి మార్చడానికి రోగిని పక్కకు తిప్పినప్పుడే నడుము కింద చర్మం ఎర్రబడిందా, పుండు పడబోతోందా తెలిసేది. యూరిన్ బ్యాగు గొట్టం తొడ కింద నలిగిపోయి ఉండటం అప్పుడే కనిపిస్తుంది. దిండు ఎత్తితే మింగకుండా దాచిన మాత్రలు దొరుకుతాయి. మింగితే కడుపులో మంట అని ఒకరు, ఇన్ని మాత్రలా అని భయపడి మరొకరు దాచుకుంటారు. రౌండ్స్‌లో డాక్టరు గారు మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతుంటారు, మందేమో దిండు కింద ఉంటుంది.

ఒక్కో షిఫ్టులో ఒకరిద్దరు సిస్టర్లే వార్డు మొత్తాన్ని చూసుకుంటారు. వాళ్లకు నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. మొదటి ఏడాది విద్యార్థికి ఆ తీరిక ఉంటుంది. దాని విలువ నాకు ఒక పాముకాటు కేసులో తెలిసింది.

నెల్లూరులో మెడికల్ వార్డు పోస్టింగ్, కోతల కాలం. బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి ఒక రైతును పాము కరిచిందని తెచ్చారు. డాక్టరు గారు ఆయన చేతి నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు పరీక్షనాళికలో పోసి స్టాండులో పెట్టించారు. 20 నిమిషాల పాటు దాన్ని ఎవరూ కదపకూడదు. గడువు అయ్యాక సిస్టర్ నాళికను నెమ్మదిగా వంచారు. అడుగున గడ్డకట్టి ఉండాల్సిన రక్తం పలచగా పక్కకు జారింది. విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదు, కరిచింది రక్తపింజర అయి ఉంటుందన్నారు. వెంటనే విరుగుడు మందును సెలైన్‌లో కలిపి ఎక్కించారు. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరలతో సహా నాలుగు రకాల పాములకు కలిపి ఒకటే మందు వాడతారు. గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి అది కొందరికి పడదు. దద్దుర్లు, వణుకు, ఆయాసం వస్తే వెంటనే పిలవమని చెప్పి నన్ను ఆయన పక్కన ఉంచారు.

ఆయన భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. డాక్టరు గారు అడిగినవాటికి అంతకుముందే తడుముకోకుండా జవాబులు చెప్పింది. చాలాసేపటికి నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది. “పాపా, ఇక్కడికి తెచ్చేముందు ఊళ్లో పసరు తాగించాం. ఆ తర్వాత ఒక్కసారే ఒంటికి పోయాడు, అదీ ఎర్రగా. పసరు వేడి చేసిందంటావా?” పసరు సంగతి తెలిస్తే డాక్టరు కోప్పడతారని ఆమె ఆ రెండు విషయాలూ దాచింది. నేను వెళ్లి సిస్టర్‌కు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్లు చెప్పాను. ఆమె కేస్ షీట్ తీసుకుని నేరుగా డాక్టరు గారి దగ్గరికి వెళ్లారు. యూరిన్ గొట్టం వేశారు, గంటగంటకూ కొలిచి రాయమన్నారు, మూత్రపిండాల పరీక్షలకు రక్తం పంపారు. రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు కూడా రావడం లేదంటే తాత్సారం చేయకూడదు. ఆయనకు డయాలసిస్ అవసరమైంది. కోలుకుని తన కాళ్లతో నడిచి ఇంటికి వెళ్లారు.

ఆ రోజు ఆ వార్డులో అందరికంటే తక్కువ తెలిసినదాన్ని నేనే. అయినా ఆమె ఆ మాట నాకే చెప్పింది, అంతసేపు పక్కన ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి. నీకూ ఇలాంటి మాటలు చెబుతారు. విని ఊరుకోకు, దానికి నీ సొంత అర్థమూ చెప్పకు. వాళ్ల మాటల్లోనే సిస్టర్ చెవిన వెయ్యి. “ఎవరికీ చెప్పకు పాపా” అంటే మాట ఇవ్వకు, “మీకు మేలు జరగాలంటే సిస్టర్‌కు తెలియాలి అమ్మా” అని మెల్లగా చెప్పు.

ఇక టీపీఆర్ చార్టు, అంటే రోగి ఒంటి వేడి, నాడి, శ్వాస రాసే పట్టిక. దీని గురించి నాకు గట్టి పట్టింపు ఉంది. కొన్ని వార్డుల్లో చార్టులు తిప్పితే మంచాలన్నిటికీ శ్వాస 20 అని వరసగా రాసి ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టలేదని దాని అర్థం. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 సాధారణం. పరిస్థితి దిగజారే రోగుల్లో చాలామందికి బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరుగుతుంది. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నాడి చూసిన చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్లు ఉంటూ, ఛాతీ పైకీ కిందికీ కదలడాన్ని నిమిషం పాటు లెక్కపెట్టు. సగం నిమిషం చూసి రెట్టింపు చేయకు. సెకన్ల ముల్లు ఉన్న వాచీ తప్పకుండా కొనుక్కో. పాత అంకె చూసి రాసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. సమయం చాలక చూడలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలి సిస్టర్‌కు చెప్పు.

మందులు ఇచ్చేటప్పుడు రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం, ఈ ఐదూ సరిచూసుకోవాలని తరగతిలో చెప్పే ఉంటారు. మన జిల్లాల్లో మొదటిదే కష్టం. నెల్లూరు వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు పెంచలయ్యలు ఉంటారు, కందుకూరు వైపు మాలకొండయ్యలు అంతే. “మీరు పెంచలయ్యేనా?” అని అడగకు. చెవులు సరిగా వినపడని పెద్దాయన దేనికైనా తల ఊపుతాడు. “మీ పేరు, మీ నాన్నగారి పేరు చెప్పండి” అని అడిగి, కేస్ షీట్ మీది ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరు) సరిచూసుకో.

నీది కనిగిరి కాబట్టి నీకు ఒక సంగతి మిగతా పిల్లలకంటే బాగా తెలుసు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లను నువ్వు చిన్నప్పటి నుంచీ చూసి ఉంటావు. అలాంటి అవ్వ నీ వార్డులో ఉంటే, పుస్తకంలో చెప్పినట్లు తిప్పబోతే నొప్పితో కేకలు వేస్తుంది. ఏ వైపుకు తిరగగలదో ముందు ఆమెనే అడుగు. మరొకరిని తోడు తెచ్చుకుని, నడుము మెలిక పడకుండా ఒళ్లంతా ఒకేసారి తిప్పి, మోకాళ్ల కింద దిండు పెట్టు. మీ బ్యాచ్ వాళ్లకు ఇది నువ్వే చూపించాలి.

మగ రోగులకు స్పాంజ్ బాత్ ఇవ్వడానికి మొదట సిగ్గు వేస్తుంది, వాళ్లకు ఇంకా ఎక్కువ సిగ్గు. తెర అడ్డం పెట్టు, ఏం చేయబోతున్నావో ముందే చెప్పు, తుడిచే భాగం తప్ప మిగతా ఒళ్లు కప్పి ఉంచు. తుడుచుకోగలిగితే గుడ్డ వాళ్ల చేతికే ఇవ్వు.

ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి (రిమ్స్) క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో పడితే చీమకుర్తి క్వారీల్లో చేతులు నలిగినవాళ్లు, 16వ నంబరు జాతీయ రహదారి మీద దెబ్బలు తగిలినవాళ్లు, పురుగుమందు తాగినవాళ్లు వస్తారు. పురుగుమందు కేసులో తడిసిన బట్టలు తీసేటప్పుడు గ్లవ్స్, ఏప్రన్ లేకుండా ముట్టుకోకు, అది చర్మం నుంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. చుట్టూ చేరినవాళ్లు “ఎందుకు చేశావు?” అని ఆ మనిషిని నిలదీస్తుంటారు. నువ్వు ఆ గుంపులో కలవకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే చూడాలంటుంది, నేరస్థుడిగా కాదు. మంచి నర్సులు ఆ చట్టం రాకముందు కూడా అలాగే చూశారు. ఆ మనిషిని ఒంటరిగా వదలకు, అంతే.

రోగుల తాలూకు వాళ్లు అరుస్తారనే భయం కూడా ఉంటుంది. వాళ్లలో ఎక్కువ మంది ఏం జరుగుతోందో ఎవరూ చెప్పక అరుస్తున్నవాళ్లే. “నాకు తెలియదు” అని తిరిగి వెళ్లిపోకు. “సిస్టర్‌ను అడిగి వచ్చి చెబుతాను” అను, అన్నట్లే తిరిగి వెళ్లు, జవాబు దొరక్కపోయినా వెళ్లి ఆ మాటే చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం సర్దుకుపోవద్దు. మేము చదివేటప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో సిబ్బంది చాలరని విద్యార్థులను వార్డులో ఒంటరిగా వదిలేసేవారు. అది అన్యాయం, రోగికీ పిల్లలకీ ప్రమాదం. రిపోర్టులు తేవడం, ట్రాలీ తొయ్యడం వేరు, అందులోనూ నేర్చుకునేది ఉంటుంది. పర్యవేక్షణ లేకుండా ఇంజెక్షన్ చేయమంటే “ట్యూటర్ మేడం ఉంటేనే చేస్తాను” అని మర్యాదగా, స్పష్టంగా చెప్పు. పదిమంది కలిసి ట్యూటర్‌కు రాసి ఇవ్వండి.

పొరపాటు జరిగితే ఏమవుతుందన్నావు. వెంటనే చెబితే చాలావాటిని సరిదిద్దవచ్చు. తప్పు మందు వెళ్లిందని ఆ నిమిషమే తెలిస్తే చేయడానికి ఎన్నో ఉంటాయి. మరుసటి షిఫ్టు వాళ్లు కనిపెట్టేసరికి మిగిలేవి తక్కువ. తిట్లు పడతాయి, పడనివ్వు.

చివరిగా సూదుల గురించి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు, పిల్లలకు గుచ్చుకునేది చాలాసార్లు అప్పుడే. నేరుగా వాడిన సూదుల కోసం ఉంచే తెల్లటి డబ్బాలో వెయ్యి. గుచ్చుకుంటే నోట్లో పెట్టుకోకు, పిండకు. సబ్బుతో, పారే నీటితో కడిగి ఆ నిమిషమే సిస్టర్‌కు చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే వీలైనంత వరకు 2 గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. సెలవు రోజైనా, అర్ధరాత్రైనా ఆ మందులు ఎవరి దగ్గర ఉంటాయో మొదటి రోజే అడిగి నీ జేబు పుస్తకంలో రాసుకో. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: ఇప్పుడొకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. కాలేజీలో ఇంకా వేయకపోతే పోస్టింగ్ మొదలయ్యేలోపు మొదటిది వేయించమని రేపే అడుగు.