నలభై నిండేదాకా ఆగాలా?

ప్రశ్న: మా చెల్లెలికి 36 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో అత్తగారింట్లో ఉంటోంది. బావ ఐదు నెలల క్రితం గుండెపోటుతో పోయాడు. 43 ఏళ్లు. 2014 అక్టోబరు నుంచి ఒకే స్పిన్నింగ్ మిల్లులో పనిచేశాడు. చేరినప్పుడు బేసిక్ 12 వేలు, పోయేనాటికి 18 వేలు. బేసిక్ 15 వేలు దాటి ఆరేళ్లయింది. పీఎఫ్ ఖాతాలో నాలుగు లక్షల పైచిలుకు ఉంది. బాబుకి పదమూడు, పాపకి తొమ్మిది నిండాయి. వితంతు పింఛనుకు నలభై నిండాలని ఊళ్లో అంటున్నారు. మిల్లు ఆఫీసులో అడిగితే పీఎఫ్ పింఛను 58 ఏళ్లకు గానీ రాదన్నారు. అత్తగారికి వృద్ధాప్య పింఛను వస్తోంది కాబట్టి ఆ ఇంటికి రెండోది ఇవ్వరని ఇంకొకరు చెప్పారు. చెల్లెలు నాలుగేళ్లు ఆగాల్సిందేనా?

జవాబు: ఆగనక్కర్లేదు. మీకు చెప్పిన నలభై, యాభై ఎనిమిది రెండూ నిజం అంకెలే. కాకపోతే ఒకటి వేరే పథకానిది, రెండోది వేరే మనిషిది. ఒక్క అత్తగారి సంగతిలోనే కొంత నిజముంది, దానికి తర్వాత వస్తాను.

ముందు నలభై. ఇది కేంద్ర ప్రభుత్వం 2009లో తెచ్చిన ఇందిరాగాంధీ జాతీయ వితంతు పింఛను పథకంలోది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న వితంతువుకు కేంద్రం నెలకు ఇచ్చేది 300 రూపాయలు. ఎనభై నిండగానే ఆమెను వృద్ధాప్య పింఛనులోకి మార్చి 500 ఇస్తారు. అవును, మూడు వందలే. మీరు పొరపాటుగా చదవలేదు. మన రాష్ట్రాలు ఇచ్చే పింఛనుకు సొంత నిబంధనలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వితంతు పింఛనుకు 18 ఏళ్లు నిండితే చాలు. 2024 జులై నుంచి నెలకు 4,000 చేతికిస్తున్నారు. తెలంగాణలో కూడా వితంతువులకు 18 ఏళ్లే, అక్కడ మొత్తం 2,016. కాబట్టి 36 ఏళ్ల మీ చెల్లెలికి వయసు అసలు అడ్డే కాదు.

వృద్ధాప్య పింఛనుకు ఆంధ్రలో 60, తెలంగాణలో 57 నిండాలి. ఆ అంకెలు కూడా ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు, కంగారు పడకండి. రేపు ఆమెకు అరవై వచ్చినా కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు, ఆంధ్రలో రెండింటి మొత్తం ఒకటే.

మరి ఏది అడ్డం? కార్డు. ఆంధ్రలో సామాజిక పింఛను మామూలుగా కుటుంబానికి ఒకటే. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు లాంటి కొద్దిమందికి మినహాయింపు ఉంది. కుటుంబం అంటే వాళ్ల లెక్కలో రైస్ కార్డులో ఉన్న పేర్లు. అత్తగారూ మీ చెల్లెలూ ఒకే కార్డులో ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆమె, పిల్లలు నిజంగా విడిగా వండుకుని తింటుంటే కార్డు విడదీయమని సచివాలయంలో అడగొచ్చు. ఒకే పొయ్యి మీద వండుకుంటూ కాగితాల మీద మాత్రం వేరుపడమని నేను చెప్పను. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఇద్దరి పింఛనూ చిక్కులో పడుతుంది. ఆ ముసలావిడకు ఒకటో తారీఖున వచ్చే నాలుగు వేలే ఆధారం కావచ్చు.

ఆదాయం, భూమి, కారు, కరెంటు యూనిట్లు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా లేదా, ఇవన్నీ కూడా చూస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు పదివేల లోపు ఉండాలన్నది ఇందులో ముఖ్యమైనది. పీఎఫ్ పింఛను మొదలైతే ఆ సంగతి దాచొద్దు, అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. కొత్త దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోరు. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, కార్డు, బ్యాంకు పుస్తకం నకళ్లు ఒక కవరులో పెట్టి ఉంచితే, తీసుకుంటున్నారని తెలిసిన రోజే ఇచ్చేయొచ్చు.

ఇక యాభై ఎనిమిది. మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆపింది ఈ మాటే. మిల్లు ఆఫీసులో ఆ మాట చెప్పినాయన అబద్ధం ఆడలేదు, మనిషి బతికున్నప్పటి రూలు చెప్పాడు. పీఎఫ్‌లో ఉద్యోగి పింఛను పథకం ఒకటుంది, 1995లో వచ్చింది, ఈపీఎస్ అంటారు. ఉద్యోగి తన పింఛను తాను తీసుకోవాలంటే పదేళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు ఉండాలి. యాభై దాటాక ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. కానీ ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఈ లెక్కలేవీ వర్తించవు. పదేళ్లు అక్కర్లేదు, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. భార్య వయసు ఎంతైనా సరే, ఆయన పోయిన మర్నాటి నుంచే ఆమెకు పింఛను. అంటే ఐదు నెలల బకాయి ఇప్పటికే జమపడి ఉంది, అడగడమే తరువాయి.

ఎంత వస్తుంది? బావగారి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. ప్రతి నెలా మూడు అంకెలుంటాయి: ఆయన వాటా, కంపెనీ వాటా, చివర పెన్షన్ గడి. జీతం 15 వేలు దాటిన నెలల్లో ఆ చివరి గడిలో 1,250 కనిపించాలి. జీతం పెరిగినా ఆ అంకె పెరగలేదని చాలామంది అడుగుతుంటారు. ఈపీఎస్ లెక్క 15 వేల దగ్గరే ఆగుతుంది కాబట్టి, అందులో 8.33 శాతం అంతే. పింఛను లెక్క ఇదీ: చివరి ఐదేళ్ల సగటు జీతాన్ని, 15 వేలకు మించకుండా, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. బావగారిది 15,000 ఇంటూ 11 బై 70, అంటే 2,357 రూపాయలు. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్లకు పథకంలో వేరే పట్టిక కూడా ఉంది, రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తారు. కాబట్టి 2,357కు తగ్గదు. సర్వీసు మరీ తక్కువగా ఉన్నవాళ్లకు కనీసం వెయ్యి.

దీనికి తోడు పిల్లలకు విడిగా ఉంది. తల్లి పింఛనులో నాలుగో వంతు చొప్పున ఇద్దరు పిల్లల దాకా, ఒక్కొక్కరికి 25 ఏళ్లు నిండేవరకు. ఇక్కడ ఒక్కొక్కరికి 589 అవుతుంది. ముగ్గురూ కలిపితే నెలకు 3,535. పెద్ద మొత్తం కాదని నాకూ తెలుసు. బాబుకి ఇంకో పన్నెండేళ్లు, పాపకి పదహారేళ్లు వస్తుందని లెక్కేసుకుంటే వదులుకునేది కూడా కాదు.

పీఎఫ్ నామినీగా ఎవరి పేరు ఉందని మీ ఇంట్లో ఇప్పటికే మాటలు నడుస్తుంటాయి. పెళ్లికి ముందు రాసిన ఫారంలో తల్లి పేరుండటం మామూలే. పింఛను వరకు దాని గురించి టెన్షన్ వద్దు. భార్యాపిల్లలు ఉన్నప్పుడు ఈపీఎస్ పింఛను వాళ్లదే, నామినీ గడిలో ఎవరి పేరున్నా సరే.

ఇప్పుడు మీరు అడగనిది. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్‌ఐ అనే బీమా ఉంటుంది. ఉద్యోగి జేబు నుంచి దీనికి పైసా కట్ కాదు, మొత్తం కంపెనీయే కడుతుంది. జీతం స్లిప్పులో కనపడదు కాబట్టి ఉందనే చాలామందికి తెలియదు. ఉద్యోగంలో ఉండగా పోతే చివరి పన్నెండు నెలల సగటు జీతానికి 35 రెట్లు, జీతాన్ని ఇక్కడా 15 వేల దగ్గరే ఆపి. అది 5,25,000. దానికి పీఎఫ్ నిల్వ సగటులో సగం కలుపుతారు, 1,75,000 మించకుండా. మీ బావ ఖాతాలో నాలుగు లక్షలున్నాయన్నారు, సగం అంటే ఆ పరిమితి దాటేస్తుంది. మొత్తం ఏడు లక్షలు. నాలుగు వేల పింఛను కోసం నాలుగేళ్లు ఆగాలా అని అడుగుతున్న ఇంటికి ఏడు లక్షలు రావాల్సి ఉంది. కొన్ని కంపెనీలు దీని బదులు గ్రూపు బీమా తీసుకుంటాయి. మిల్లులో ఏది ఉందో అడగండి, దాని ప్రయోజనం దీనికంటే తక్కువ ఉండకూడదు.

గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే సొమ్ము, అది కూడా ఉంది. మామూలుగా అడ్డొచ్చే ఐదేళ్ల షరతు మరణం విషయంలో లేదు, ఉన్నా బావగారిది పదకొండేళ్ల సర్వీసు. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణించి, అలా పదకొండేళ్లకు లెక్కేస్తే లక్షా పద్నాలుగు వేల పైన.

ఫారాల సంగతి. పీఎఫ్ డబ్బుకి 20, పింఛనుకి 10డి, బీమాకి 5ఐఎఫ్ అనేవారు. ఇప్పుడు మరణం కేసుల్లో మూడింటికీ కలిపి ఒకే ఫారం ఇవ్వొచ్చు. మిల్లువాళ్లు సంతకం పెట్టి పంపాలి. వాళ్లు తిప్పుకుంటుంటే నేరుగా పీఎఫ్ ఆఫీసుకే వెళ్లండి. మీ చెల్లెలు, పిల్లలిద్దరి ఆధార్‌లో పేర్లు, పుట్టిన తేదీలు స్కూలు సర్టిఫికెట్‌తో సరిపోతున్నాయా చూసుకోండి. మన ఊళ్లలో ఆధార్ ప్రకారం సగం మంది జనవరి ఒకటో తారీఖున పుట్టినవాళ్లే. పిల్లల పింఛను 25 ఏళ్లతో ముడిపడి ఉంది కాబట్టి ఆ తేదీ తప్పుంటే ఇప్పుడే సరిచేయించాలి. ఇంకోటి, బావగారి ఫోను నంబరు. రీచార్జి మానేశారా? పాస్‌బుక్ చూడాలన్నా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. పనులన్నీ తెమిలేదాకా ఆ సిమ్ చావకుండా చూసుకోండి.

మీ ఉత్తరంలో లేదు గానీ అన్నగా మీ మనసులో ఉండే ఉంటుంది, మళ్లీ పెళ్లి మాట. ఆమె పెళ్లి చేసుకుంటే ఈపీఎస్ పింఛను ఆమెకు ఆగుతుంది. ఎన్టీఆర్ భరోసా కూడా అంతే. కానీ పిల్లలది ఆగదు, పైగా పెరుగుతుంది. తల్లి పింఛనులో నాలుగో వంతుకు బదులు ఒక్కొక్కరికి ముప్పావు వంతు, అంటే 1,768 చొప్పున ఇద్దరికీ 3,536. ఇప్పుడు ముగ్గురికీ కలిపి వచ్చేదానికంటే ఒక రూపాయి ఎక్కువే. పింఛను పోతుందని ఆ ఆలోచన మానుకోమని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. నిర్ణయం మాత్రం ఆమెదే, మీదీ నాదీ కాదు.

వయసు నిజంగా లెక్కలోకి వచ్చే పింఛను వేరే ఉంది, ఇదే ప్రశ్న ఇంకొందరు పంపారు కాబట్టి రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వ పాత పింఛను పథకం కింద పింఛను తీసుకునే ఆయన పోతే భార్యకు మొదట చివరి జీతంలో 50 శాతం, తర్వాత 30 శాతం ఇస్తారు. ఎప్పటిదాకా 50? ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 నిండే రోజు, ఏది ముందైతే అది. ఇక్కడ చూసేది భర్త వయసు. ఆమె వయసు ఎనభై దగ్గర లెక్కలోకి వస్తుంది: అప్పటినుంచి 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్లు నిండితే రెట్టింపు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడకి 83 ఏళ్లు, ఆ అదనం రావట్లేదు. పింఛను ఉత్తర్వు తెప్పించి చూస్తే భార్య పేరు పక్కన పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. మీ ఇంట్లో అలాంటి ఉత్తర్వుంటే ఇవాళే ఆ గడి చూడండి.

మళ్లీ మీ చెల్లెలి డబ్బు దగ్గరికి. ఏడు లక్షలు వచ్చాయని తెలిస్తే చేబదులు అడిగేవాళ్లు బయల్దేరతారు, అందులో మనవాళ్లే ముందుంటారు. ఆరు నెలల ఇంటి ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, ఐదు లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో వేయమనండి. ఇప్పుడున్న 7.4 శాతం వడ్డీతో నెలకు 3,083 వస్తుంది. సీనియర్ సిటిజన్ పథకంలో వడ్డీ ఇంకా ఎక్కువే గానీ ఆమె వయసుకి అందులో చోటు లేదు.

తేదీ మించిపోయే ప్రమాదం ఒక్కదానికే ఉంది, అది మీరు భయపడ్డ పింఛను కాదు. సుకన్య సమృద్ధి ఖాతా ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే తెరవాలి. పాపకి తొమ్మిది నిండాయన్నారు, ఎన్నో నెలో రాయలేదు. ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా నడుస్తుంది. బీమా డబ్బు వచ్చేదాకా ఆగకండి. పాప జనన ధ్రువీకరణ పత్రం, తల్లి ఆధార్, పాన్ తీసుకుని ఈ వారమే పోస్టాఫీసుకి వెళ్లి ముందు ఆ 250తో తెరిపించండి.