ముందు పేర్లు, తర్వాతే రాయి

సైనిక్‌పురి నుంచి

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో నువ్వు పంపిన డిజైన్ చూశాను బిడ్డా. తుపాకీ ఎత్తిన సైనికుడి విగ్రహం, వెనక మూడు రంగుల గోడ, కింద శిలాఫలకం. ఫలకం మీద మీ కాలనీ కమిటీ సభ్యుల పేర్లు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. సైనికుల పేర్లకు మాత్రం ఇంకా జాగా చూపించలేదు. ఎత్తిపొడుస్తున్నానని అనుకోకు. గుడికి ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద దాత పేరు రాయించుకునే జాతి మనది. మీ కాలనీలోని మాజీ సైనికులను, తిరిగిరాని వాళ్లను తలుచుకోవడానికి ఒక చోటు ఉండాలని నీకు తోచినందుకు నాకు నిజంగా సంతోషం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

విగ్రహం సంగతి ముందే తేల్చేద్దాం. గేటు బయట, రోడ్డు మలుపులో పెడదామన్నావు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే చోట్లలో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. "అందరూ పెడుతున్నారుగా" అంటావు. పెడుతున్నారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గోనెసంచి కప్పి ఓ మూలకు జరిపిన విగ్రహాలను నువ్వూ చూసే ఉంటావు. సైనికుడికి ఆ గతి మన చేతులతో మనం పట్టించొద్దు. కమ్యూనిటీ హాలు పక్కన గది ఖాళీగా ఉందన్నావు కదా, అది చాలు. రెండు గోడలు, రెండు అద్దాల బీరువాలు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద మేం కొందరం మాజీ సైనికులం కలిసి ఒక నల్ల గ్రానైట్ ఫలకం పెట్టించాం. పేర్లు ఫోన్ల మీదే సేకరించాం, రాసుకున్నది నేనే. అందులో ఒకాయన తండా నుంచి పటాలానికి వచ్చిన హవల్దారు. పేరు చివర నాయక్ అని ఉంటుంది, లంబాడీల్లో ఉండేదే. పటాలంలో నాయక్ అంటే ర్యాంకు, హవల్దారుకు ఒక మెట్టు కింద. కాయితం మీద ముందు హవల్దార్, వెనక నాయక్ కనబడేసరికి, ఒక మనిషికి రెండు ర్యాంకులేమిటి, పాతదీ కొత్తదీ కలిపి చెప్పి ఉంటారని ఒకటి కొట్టేశాను. కొట్టేసింది హవల్దార్‌ను. నాయక్‌ను తీసుకొచ్చి ముందు పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్లు పటాలంలో ఉన్నవాణ్ని, నాకు తట్టలేదు.

ఆవిష్కరణ రోజు ఆయన భార్య వచ్చింది. ఆమెకు చదువు రాదు, మనవడు చదివి వినిపించాడు. గొడవేమీ చేయలేదు. "హవల్దారు అయిన్నాడు తండా అంతా లడ్డూలు పంచిండు. అది తీసేసిండ్రా?" అని అడిగింది, అంతే. రాయి మళ్లీ చెక్కించాం. పాతదాన్ని పగలగొట్టడానికి చేతులు రాలేదు. మా ఇంటి వెనక గోడకు అక్షరాలు లోపలి వైపు పెట్టి ఆనించాను, ఇప్పటికీ అక్కడే ఉంది. మీ అత్త దాని మీద వడియాలు ఎండబెడతానంటే ఒకసారి పెద్ద గొడవే అయింది.

కాబట్టి పేర్లు ఫోన్లో రాసుకోవద్దు. ఇంటికి వెళ్లు. డిశ్చార్జి బుక్కు చూపించమను, అది దొరక్కపోతే పెన్షన్ మంజూరు పత్రం, పీపీవో. సర్వీసు నంబరు, ర్యాంకు, యూనిట్ అందులో ఉన్నది ఉన్నట్టు దించుకో. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఆయన్ను ఏమని పిలిచేవాళ్లో అడుగు. పటాలం రికార్డుల్లో తెలుగు పేర్లకు పట్టే దశ నీకు తెలియదు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, ముందుండాల్సింది వెనక్కి పోతుంది, రాసిన క్లర్కు ఏ రాష్ట్రం వాడైతే ఆ ఉచ్చారణ వచ్చి కూచుంటుంది. భర్తీ రోజున పడ్డ తప్పు పెన్షన్ దాకా వెంట నడుస్తుంది. ఫలకం మీద నంబరు, ర్యాంకు రికార్డు ప్రకారం ఉండనీ. పేరు మాత్రం తెలుగులో, పూర్తి ఇంటిపేరుతో, ఇల్లాలు చెప్పినట్టు ఉండనీ. చెక్కే ముందు తెల్లకాగితం మీద రాసి ప్రతి ఇంటికీ తీసుకెళ్లి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకో. చెక్కేవాడు తొందరపెడతాడు. పెట్టనీ.

పతకాలు ఉంటే వాటి అంచు చూడు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అంచు మీద సన్నగా చెక్కి ఉంటాయి, భూతద్దం పట్టుకెళ్లు. ఆయనకు శౌర్య పతకం వచ్చిందని ఎవరైనా అంటే అక్కడికక్కడ అవుననీ కాదనీ అనకుండా, ఇంటికొచ్చి రక్షణశాఖ వాళ్ల శౌర్య పురస్కారాల వెబ్‌సైటులో వెతుకు. 9 ఏళ్ల సర్వీసు పూర్తయితే ఇచ్చే పతకాన్ని వీరచక్ర అనుకునే ఇళ్లున్నాయి. వాళ్లను తప్పుపట్టలేం, ఇంటాయన ఎప్పుడూ విప్పి చెప్పి ఉండడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా ఒకసారి వెళ్లు. నువ్వు చేస్తున్న పని రాసిచ్చి, ఇష్టమున్నవాళ్లు నీతో మాట్లాడేలా కబురు పెట్టమను.

ఇంకో చిక్కు. పాత కాగితాల్లో "హైదరాబాద్ రెజిమెంట్" అని కనబడగానే మన ఊరి కుర్రాడే అని ఎగిరి గంతేయకు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావ్ రెజిమెంట్ అయింది. మొట్టమొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమ్‌నాథ్ శర్మ మొదట చేరింది ఆ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. 1947 నవంబరు 3న బడ్‌గామ్‌లో చనిపోయేనాటికి ఆయనది కుమావ్. ఆయనేమో హిమాచల్ మనిషి. ఇటు మన తెలుగువాళ్లేమో మద్రాస్ రెజిమెంట్‌లో "తంబి"లై కూచున్నారు. వరంగల్ నుంచి వెళ్లినా తంబే, విజయనగరం నుంచి వెళ్లినా తంబే. నిజాం సొంత సైన్యం మరో లెక్క. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటారే, 1922లో పెట్టిన ఆ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూర్ దళాలవి. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లిన గుర్రపు దళం అది. మన హైదరాబాద్ పేట ఫస్ట్ లాన్సర్‌లో చాయ్ తాగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఆ మాటకొస్తే ఈ ఊళ్లో పేటల పేర్లే సగం స్మారకాలు. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ కాదమ్మా, నిజాం దగ్గరి ఆఫ్రికన్ అశ్విక దళం. బార్కాస్ అంటే బ్యారక్స్. 1798లో పోయిన ఫ్రెంచి సేనాని మాన్స్యూర్ రేమండ్ జనం నోట్లో మూసా రామ్ అయ్యి మూసారాంబాగ్‌లో మిగిలాడు. జనం నోట్లో పేరు అరిగితే అదో అందం. రాయి మీద మనం తప్పు చెక్కితే ఆ సాకు మనకుండదు.

గోడల సంగతి. చనిపోయినవాళ్లకు ఒక గోడ, బతికున్నవాళ్లకు ఇంకోటి. రెండూ కలపొద్దు. బతికున్నవాళ్లకు రాయి వద్దు, చెక్క చట్రంలో మార్చుకునే పేర్లు చాలు. నా పేరు గ్రానైట్ మీద చూస్తే మీ అత్త ఆ రోజు అన్నం వండదు. అలాగే "యుద్ధం చేసినవాళ్ల పేర్లే పెడదాం" అని మీ కమిటీలో ఒకాయన అన్నాడట. ఆయన్ను నా దగ్గరికి పంపు. నేను సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈలో మెకానిక్‌ని. 1971లో శత్రువు మీద ఒక్క తూటా పేల్చలేదు, రాత్రిళ్లు టార్చి మూతికి గుడ్డ చుట్టి ఆ మసక వెలుగులో గేరుబాక్సులు విప్పాను. లంగరులో, అంటే పటాలం వంటశాలలో, రొట్టెలు కాల్చినవాడు, ట్రక్కు నడిపినవాడు, మిలిటరీ హాస్పిటల్లో నర్సింగు చేసిన సిస్టర్, అందరూ ఆ గోడ మీదికి వస్తారు.

వస్తువుల విషయంలో నాలుగు మాటలు. పాత ఫొటోలను లామినేషన్ చేయించొద్దు, వేడికీ జిగురుకీ అవి పాడైపోతాయి, మళ్లీ ఊడదీయలేం. స్కాన్ చేసి ప్రింటు గోడకు పెట్టి అసలుది వాళ్లకే తిరిగిచ్చేయి. పతకాలను బ్రాసోతో తోమొద్దు. మేం బెల్టు బకిల్ తోమినట్టు తోమితే ఆ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. యూనిఫారాలకు ఎండ తగలకూడదు. ఎవరైనా పాత షెల్లో, తూటాలో తెచ్చి "ఇది మా నాన్నది, లోపలేం లేదు" అంటే చేత్తో ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయి. మొహమాటపడకు. ఒకింట్లో తలుపుకు అడ్డం పెట్టుకున్న ఇనుప గుండు చూసి నాకు చెమటలు పట్టాయి. తీసుకున్న ప్రతి వస్తువుకూ రసీదు రాసివ్వు, ఇచ్చారా అప్పుగా పెట్టారా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. పెద్దాయన పోయాక కొడుకులు వచ్చి అడుగుతారు, అప్పుడు నువ్వు కమిటీలో ఉండవు.

నన్నడిగితే గదిలో అన్నిటికన్నా విలువైనవి ఉత్తరాలు. "56 ఏపీవో" అనే సైన్యం తపాలా ముద్ర ఉన్న ఇన్‌లాండ్ లెటర్ ఏ ఇంట్లో దొరికినా వదలకు. మన హైదరాబాద్ వాడే మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో లోన్ హిల్ మీద ప్రాణం వదిలాడు, మహావీర చక్ర ఇచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, కడుపుతో ఉన్న తన భార్యకు రోజూ మహాభారతంలో ఒక కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు రావాలని. కొండ మీద ఏం జరిగిందో వంద పేజీలు చదివినా రాని దగ్గరితనం ఆ ఒక్క మాటలో వస్తుంది. అలాంటివి మీ కాలనీ ట్రంకుపెట్టెల్లో కూడా ఉంటాయి. నల్ల పెట్టె, తెల్ల రంగుతో నంబరు, పైన పాత బెడ్‌షీటు కప్పి కుట్టుమిషన్ పెట్టి ఉంటారు.

పెద్దవాళ్ల దగ్గర కూచున్నప్పుడు "యుద్ధం గురించి చెప్పండి" అని అడగొద్దు. అలా అడిగితే టీవీలో విన్నదే చెప్తారు. మొదటి జీతం ఏం చేశారు, ఇంటి నుంచి కార్డు ఎన్నాళ్లకు చేరేది, లీవు మీద వచ్చేటప్పుడు సికింద్రాబాద్ స్టేషన్లో దిగగానే ముందు ఏం తిన్నారు, ఇలాంటివి అడుగు. మిగతాది అదే వస్తుంది. రాకపోతే బలవంతపెట్టకు. కొందరు యాభై ఏళ్లుగా మూసిపెట్టుకున్నది నీ మొబైల్ రికార్డింగు కోసం తెరవాల్సిన పనిలేదు.

చూడాల్సినవి రెండు మూడున్నాయి. పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉంది. ఆగస్టు 15న గోల్కొండలో జెండా ఎగరేసే ముందు ముఖ్యమంత్రి పుష్పగుచ్ఛం ఉంచేది అక్కడే. టీవీలో చూశానంటావు, కానీ నువ్వు మామూలు మంగళవారం పొద్దున వెళ్లి చూడు, పూలు లేనప్పుడు అది ఎలా ఉంటుందో. మీ గది కూడా ఏడాదిలో 360 రోజులు అలాగే ఉండబోతోంది. ఢిల్లీ వెళ్తే జాతీయ యుద్ధ స్మారకం చూడు, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. విగ్రహాల దగ్గర సెల్ఫీలు అయ్యాక త్యాగ చక్రం గోడల దగ్గరికి రా. ఒక్కో రాతి పలకకు ఒక్కో పేరు, సిపాయికీ ఆఫీసరుకూ ఒకటే కొలత. విశాఖలో కుర్సురా సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల తిప్పి చూపించేది రిటైరైన నేవీ వాళ్లే, అందుకే అది ఇనుప గొట్టంలా అనిపించదు. మీ గదికి కూడా ఆదివారాలు రెండు గంటలు ఒక ముసలి సైనికుణ్ని కూచోబెట్టు. వంతులు వేసుకుంటాం, నేనూ వస్తాను.

నువ్వడిగిన రెండు ప్రశ్నలు మిగిలాయి. ఖర్చు: విగ్రహానికి అనుకున్న దాంట్లో పావు వంతుతో గది తయారవుతుంది. మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని వడ్డీతో కరెంటు, సున్నం, చెదల మందు చూసుకోండి. ఆవిష్కరణ ఎవరిచేత అంటే, మీ కాలనీలో వీరనారుల్లో, అంటే తిరిగిరాని సైనికుల భార్యల్లో, అందరికన్నా పెద్దావిడ ఎవరో ఆమెచేత. ఎమ్మెల్యేగారు వస్తే రానీ, ముందు వరసలో కూచుంటారు. తేదీ జనవరి 14 అనుకున్నారట, మాజీ సైనికుల దినం అని. దినం సరైనదే గానీ ఆ రోజు సంక్రాంతి హడావుడి. హైదరాబాద్ ఖాళీ అయి ఊళ్లకు పోయి ఉంటుంది, కుర్చీలు తప్ప ఎవరూ ఉండరు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, లేదంటే 16న విజయ్ దివస్. ఏదో ఒకటి ఎంచుకోండి, పేర్లన్నీ సరిచూడటం అయ్యాకే.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా రా. బొల్లారంలో మా పాత సుబేదార్ మేజర్ సాబ్ ఉన్నారు, తొంభై దాటాయి. ఆయన దగ్గరి నుంచే మొదలుపెడదాం. రూళ్ల నోట్‌బుక్కు, భూతద్దం, ఫోన్ చార్జరు తెచ్చుకో. ఆయనకు ఎడమ చెవి వినబడదు, కుడి పక్కనే కూచో. చాయ్ వద్దనకు, ఆయనే పెడతారు, చక్కెర ఎక్కువుంటుంది, తాగెయ్.

మీ మామయ్య