ఏ ఏడాది నుంచి లెక్కపెట్టాడో చూశావా?

షికాగో

అమ్మాయీ,

బేస్‌బాల్‌లో రెండు లీగుల తగువు మీద నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మాస్టారూ, మొహమాటపడకుండా చెప్పండి" అని రాశావు కనుక చెబుతున్నాను. తరవాత అలగకూడదు.

ముందు నచ్చిన సంగతి. నువ్వు ఎక్కిన రైలు నాకు నచ్చింది. ఈ ఊళ్ళో రెడ్ లైన్ రైలొక్కటే రెండు మైదానాలకూ వెళ్తుంది. ఉత్తరాన ఆడిసన్ స్టేషనులో దిగితే కబ్స్ వాళ్ళ రిగ్లీ ఫీల్డ్. దక్షిణాన 35వ వీధి దగ్గర దిగితే వైట్ సాక్స్ మైదానం. కబ్స్‌ది నేషనల్ లీగ్, సాక్స్‌ది అమెరికన్ లీగ్. ఏ లీగు గట్టిదన్న తగువు వినాలంటే దేశం మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. (న్యూయార్క్ వాళ్ళకూ చెరొక జట్టు ఉంది, వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ.) ఎదురెదురు సీట్లలో కబ్స్ నీలం టోపీ పెద్దాయన, సాక్స్ నల్ల టోపీ పెద్దాయన, పక్కన చెవులు రిక్కించుకుని నువ్వు. ముప్పై ఏళ్ళుగా ఆ రైలెక్కుతున్నాను, నాకు ఒక్కసారీ ఇలాంటి జోడీ దొరకలేదు.

అంత అదృష్టం దొరికాక నువ్వేం చేశావు? వాళ్ళ నోట్లోంచి అంకెలు లాక్కుని, ఎడమవైపు ఒకరివి, కుడివైపు ఒకరివి పేర్చి, ఆ ఇద్దరినీ తరవాతి స్టేషనులో దింపేశావు. ఆఖరికి "రెండు లీగులూ దేనికవే గొప్పవి" అని ముగించావు. గోడమీద పిల్లివాటం! అరగంట గొంతు చించుకున్న మనుషుల ముందు ఆ వాక్యం చదివి చూడు. జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఒక్కటై నిన్ను తిడతారు.

లీగుల చరిత్ర పేజీన్నర రాశావు. అది తీసెయ్. నేషనల్ లీగ్ 1876లో పుట్టింది, అమెరికన్ లీగ్ 1901లో వచ్చింది, పెద్దవాడికి చిన్నవాడంటే చులకన. ఇంతే కదా చెప్పదలచుకున్నది? దానికి 1904 ఒక్కటి చాలు. ఆ ఏడు నేషనల్ లీగు గెలిచిన న్యూయార్క్ జెయింట్స్ వాళ్ళు, మీది మా స్థాయి లీగు కాదు పొమ్మని, అమెరికన్ లీగు గెలిచిన బోస్టన్‌తో వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య జరిగే ఆఖరి పోరు) ఆడనే లేదు. ఆ అలక ఉంచు, మిగతాది నీ నోటుపుస్తకంలో దాచుకో.

ఇక పెన్సిలు గీతల సంగతి. మొదటిది, ఏటా జూలైలో రెండు లీగుల మేటి ఆటగాళ్ళు తలపడే ఆల్‌స్టార్ ఆట గురించి. నీలం టోపీ ఆయన "1963 నుంచి 1982 దాకా ఇరవై ఆల్‌స్టార్ ఆటలు, పంతొమ్మిది మావే" అంటాడు. నల్ల టోపీ ఆయన "1997 నుంచి 2009 దాకా ఒక్కటి గెలిచారా మీరు?" అని తిప్పికొడతాడు. సరిచూశాను, ఇద్దరూ నిజమే చెప్పారు. 2002లో మాత్రం మిల్వాకీలో 7–7 దగ్గర బంతి విసిరే పిచర్లు అయిపోయి ఆట ఆపేశారు, మిగతావన్నీ అమెరికన్ లీగువే. రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టేసి తూకం సరిపోయిందనుకున్నావు. అయితే ఎవరు ఏ ఏడాది నుంచి లెక్క మొదలుపెట్టారో చూశావా?

నీలం టోపీ ఆయనకు డెబ్బై ఉంటాయని నువ్వే రాశావు. అంటే 1963లో ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు. వాడి జట్టేమో కబ్స్. 1945లో లీగు విజేత అయ్యాక మళ్ళీ ఆ మాట 2016 దాకా వినని జట్టు. ఏప్రిల్‌లో ఆశ, జూన్‌కల్లా నిట్టూర్పు, సెప్టెంబరులో బడి. మధ్యలో జూలైలో ఒక్కరోజు మాత్రం సొంత జట్టు ఆటగాడు రాన్ శాంటో వెళ్ళి లీగు మహామహులు విల్లీ మేస్, హాంక్ ఆరన్‌ల పక్కన నిలబడేవాడు. ఆ రోజు ఆ పిల్లవాడి పక్షం గెలిచేది. ఇరవై ఏళ్ళలో పంతొమ్మిదిసార్లు గెలిచింది. సొంత జట్టు ఏటా గెలిచేవాడికి లీగు ఎందుకు? లీగు మనలాంటివాళ్ళకు, అంటే ఓడే జట్టును ప్రేమించేవాళ్ళకు కావాలి. నల్ల టోపీ ఆయన కథా అంతే. సాక్స్ 1959లో లీగు గెలిచారు, మళ్ళీ 2005 దాకా లేదు. వాళ్ళిద్దరూ అంకెల మీద కొట్టుకుంటున్నారని నువ్వనుకున్నావు. వాళ్ళు తాము బతికిన ఏళ్ళను పందెం ఒడ్డుతున్నారు.

నాకు అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. నల్ల టోపీ ఆయన 1983ని ఎందుకు వదిలేశాడు? ఆల్‌స్టార్ ఆట యాభై ఏళ్ళ పండగ ఆ ఏడాదే. జరిగింది సాక్స్ సొంత మైదానం కొమిస్కీ పార్కులోనే. పదకొండేళ్ళు వరసగా ఓడిన అమెరికన్ లీగ్ 13–3తో నేషనల్ లీగును చితక్కొట్టింది. ఫ్రెడ్ లిన్ ఆల్‌స్టార్ చరిత్రలో మొదటి గ్రాండ్ స్లామ్, అంటే ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు, కొట్టాడు. వాదనలో బ్రహ్మాస్త్రం లాంటి రాత్రి అది. దాన్ని అమ్ములపొదిలోనే ఉంచేసి 1997 దాకా దూకాడంటే ఏదో ఉంది. ఆ రాత్రి పనిలో ఉన్నాడా? ఊళ్ళో లేడా? ఇంట్లో ఏదైనా జరిగిందా? వాదించేవాడు చెప్పిన ఏడాదిని రాసుకున్నావు సరే, చెప్పని ఏడాదిని గమనించాలి కదా. నువ్వు అడిగి ఉండాల్సింది.

పట్టికకు లొంగని సంగతులనూ వదిలేశావు. 2006 ఎక్కడ? ఆ ఏడాది రెండు లీగుల జట్లు ఎదురుపడిన ఆటల్లో అమెరికన్ లీగ్ 154 గెలిచి 98 ఓడింది. అంత తేడా ఉంటే ఇంకేముంది, అక్టోబరులో నేషనల్ లీగుకు శ్రాద్ధమే అనుకున్నారు. ఆ లీగు నుంచి వచ్చిన సెయింట్ లూయీ కార్డినల్స్ సీజనంతా కలిపి గెలిచింది 83 ఆటలే. వాళ్ళు వచ్చి డెట్రాయిట్‌ను 4–1తో ఓడించి వరల్డ్ సిరీస్ పట్టుకుపోయారు. ఈ ఊళ్ళోనే 1906లో 116 ఆటలు గెలిచిన కబ్స్‌ను, అమెరికన్ లీగ్‌లోకెల్లా అధ్వాన్నంగా బ్యాటింగు చేసిన సాక్స్ ఓడించారు. లీగు బలం వేరు, ఏడు ఆటల బలం వేరు. ఇది నీకు తెలుసు, నోట్సులో రాసుకున్నావు కూడా. పట్టిక అందం చెడుతుందని వదిలేశావని నా అనుమానం.

భాష గురించి ఒక్క మాట. హోమ్ రన్‌ను సిక్సర్ అన్నావు, పిచర్‌ను బౌలర్ అన్నావు. ఈ తప్పు నీకంటే ముందు నేను చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికకు బేస్‌బాల్ మీద వ్యాసం పంపుతూ క్యాచర్‌ను వికెట్‌కీపర్‌ని చేశాను. గుంటూరు నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు: "అయ్యా, కీపరు సరే, వికెట్లు ఎక్కడ?" ఆ రోజు నుంచి పిచర్ పిచరే, క్యాచర్ క్యాచరే. మన పాఠకుడు కొత్త మాటను ఓర్చుకుంటాడు, తప్పుడు పోలికను ఓర్చుకోడు. అలాగని క్రికెట్ వైపే చూడవద్దని కాదు. డీహెచ్ (డెజిగ్నేటెడ్ హిట్టర్) నిబంధనను వివరించడానికి తొమ్మిది వాక్యాలు ఖర్చుపెట్టావు. పిచర్ బ్యాటింగుకు రానక్కర్లేదు, అతని బదులు కొట్టడానికే ఒక ఆటగాడు ఉంటాడు. అమెరికన్ లీగ్ దీన్ని 1973లో తెచ్చుకుంది, నేషనల్ లీగ్ 2020లో ఒక్క సీజను మినహా 2022 దాకా ససేమిరా అంది. ఐపీఎల్‌లో 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ మీద మనవాళ్ళు చేసిన రభస గుర్తుచేయి. "ఆల్‌రౌండర్ల నోట మట్టి కొట్టారు" అని ఎవరన్నా, "ఆట రక్తి కట్టింది" అని ఎవరన్నా, ఆ రెండు గొంతులూ ఇక్కడ యాభై ఏళ్ళుగా వినిపించాయి. పోలిక అక్కడ పనిచేస్తుంది, ఎందుకంటే పోలుతున్నది వస్తువు కాదు, కోపం. (నేను నేషనల్ లీగు పక్షం. పిచర్ బ్యాటు పట్టుకుని బిక్కమొహం వేసుకుని వచ్చే దృశ్యం పోయిందని నాకు ఇప్పటికీ బెంగే.)

ఇప్పుడు అసలు గీత. రెండుసార్లు గీశాను, కాగితం చిరిగింది. పంతొమ్మిది.

ఇరవైలో పంతొమ్మిది అని రాసి, చుక్క పెట్టి, ముందుకు వెళ్ళిపోయావు. నాణెం ఇరవైసార్లు ఎగరేస్తే పంతొమ్మిదిసార్లయినా బొమ్మ పడే అవకాశం యాభై వేలలో ఒకటి. అంటే ఇది అదృష్టం కాదు, ఏదో జరిగింది. పైగా 1949 దాకా లెక్క తిరగబడి ఉంది. మొదటి పదహారు ఆటల్లో పన్నెండు అమెరికన్ లీగువే. ఈ మధ్యలో ఏం మారింది?

1947 ఏప్రిల్‌లో నేషనల్ లీగు జట్టు బ్రూక్లిన్ జాకీ రాబిన్సన్‌ను మైదానంలోకి దించింది. అప్పటిదాకా నల్లజాతి ఆటగాళ్ళకు ఈ రెండు లీగుల తలుపులూ మూసే ఉండేవి. తెరిచాక ఎవరు ఎంత బార్లా తెరిచారన్న దాంట్లో ఉంది నీ పంతొమ్మిది. నేషనల్ లీగ్‌లోకి క్యాంపనెల్లా, న్యూకోంబ్, మేస్, ఎర్నీ బ్యాంక్స్, ఆరన్, ప్యూర్టోరికో నుంచి క్లెమెంటే వరసగా వచ్చారు. 1949 నుంచి 1959 వరకు పదకొండేళ్ళలో ఆ లీగు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం తొమ్మిదిసార్లు నల్లజాతి ఆటగాళ్ళకే దక్కింది. అమెరికన్ లీగ్‌లో అలాంటి మొదటి పురస్కారం ఎప్పుడో తెలుసా? 1963లో, యాంకీస్ ఆటగాడు ఎల్‌స్టన్ హోవర్డ్‌కు. ఆ యాంకీసే 1949 నుంచి 1953 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడు లేకుండా ఐదు వరల్డ్ సిరీస్‌లు వరసగా గెలిచారు. గెలుస్తున్నవాడికి తలుపు తీయాలన్న తొందర ఉండదు. లీగులో మిగతా చాలా జట్లు వాళ్ళనే చూస్తూ కూర్చున్నాయి.

తొందరపడి ఇదొక్కటే కారణమని రాసేయకు. డెబ్బైల నాటికి ఆ తేడా చాలావరకు పూడింది, నేషనల్ లీగ్ గెలుస్తూనే ఉంది. ఆ లీగుకు 1969 దాకా అధ్యక్షుడుగా ఉన్న వారెన్ గైల్స్ ఆల్‌స్టార్ ఆటకు ముందు ఆటగాళ్ళ గదిలోకి వెళ్ళి, ఇది గెలిచి తీరాలని నూరిపోసేవాడు. రెండో పక్షం దాన్ని అంత పట్టించుకున్నట్టు కనిపించదు. ఇక ఆ ఇరవైలో ఓడిన ఒక్కటి ఉంది చూడు, 1971 డెట్రాయిట్, అది మరీ రుచిగా ఉంటుంది. ఆ రోజు అత్యుత్తమ ఆటగాడు అమెరికన్ లీగు పక్షాన ఆడిన ఫ్రాంక్ రాబిన్సన్. ముప్పై ఏళ్ళకే వయసు మళ్ళిందనుకుని 1965 చివర్లో సిన్సినాటి వదిలించుకున్న మనిషి. సిన్సినాటి నేషనల్ లీగు జట్టని నీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు లీగుల మధ్య ఆ గోడలు కూడా లేవు. మిల్వాకీ అమెరికన్ లీగ్ నుంచి నేషనల్ లీగ్‌కు వెళ్ళింది, హ్యూస్టన్ అటు నుంచి ఇటు వచ్చింది, 2023 నుంచి ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడుతోంది. అయినా ఆ ఇద్దరూ రైల్లో తగువుపడుతున్నారు. వ్యాసం అక్కడ మొదలుపెట్టి చూడు.

ఇంకొక పని. వచ్చే శనివారం నేను 35వ వీధి స్టేషను దగ్గరికి వస్తాను. పాత కొమిస్కీ పార్కును 1991లో కూల్చేశారు, అది ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుతారు. బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్ ఉన్నచోట మాత్రం ఒక పాలరాతి పలక పెట్టారు. 1933లో మొట్టమొదటి ఆల్‌స్టార్ ఆట అక్కడే జరిగింది, బేబ్ రూత్ హోమ్ రన్ కొట్టాడు. చూడటానికి వచ్చేవాళ్ళంతా అదే చెప్పుకుంటారు. నిన్ను తీసుకువెళ్ళేది దానికి కాదు. 1947 జూలై 5న, రాబిన్సన్ తరవాత పదకొండు వారాలకు, అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు లారీ డోబీ క్లీవ్‌లాండ్ తరఫున బ్యాటు పట్టుకుని నిలబడింది అక్కడ. స్ట్రయికౌట్ అయ్యాడు. అప్పటికున్న పదహారు జట్లలో ఆఖరుగా తలుపు తీసింది బోస్టన్ రెడ్ సాక్స్. వాళ్ళ పంప్సీ గ్రీన్ మొదటిసారి ఆటలోకి దిగింది 1959 జూలై 21న. అదీ ఆ మైదానంలోనే, వేరేవాడి బదులు పరుగెత్తడానికి. డోబీకి, గ్రీన్‌కు మధ్య పన్నెండేళ్ళు. ఆ పలక దగ్గర నిలబడి పన్నెండు దాకా లెక్కపెట్టు, తరవాత పంతొమ్మిది గురించి రాద్దువుగాని.

నల్ల టోపీ ఆయన ఫోను నంబరు ఇచ్చాడన్నావు కదా. ఆయననూ రమ్మను. 1983 జూలైలో ఎక్కడున్నాడో నేనే అడుగుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు