మార్కుల ఫారం సంగతి తర్వాత, ముందు మినిట్స్ పుస్తకం అడగండి

టెక్కలి దగ్గర ఓ సేవాసంస్థ కమిటీలో కొత్తగా చేరానని రాశారు. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులిచ్చే కంపెనీ నలభై ప్రశ్నల ఫారం పంపి, మీ పాలకవర్గం ఎలా పనిచేస్తోందో మీరే ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసుకోమందట. దాంతో నిజం తెలుస్తుందా అని మీ ప్రశ్న.

ఫారం నింపి పంపండి, నిధులు రావాలి కదా. నిజం మాత్రం అందులో దొరకదు. ‘సంస్థ ఆశయాల పట్ల సభ్యులకు స్పష్టత ఉందా’ అని అడిగితే ఏ కమిటీ అయినా తనకి తాను రెండు వేసుకుంటుందా అండీ? ఎక్కడ చూసినా నాలుగున్నరకి తగ్గదు.

మీరు చూడాల్సింది ఒక్కటే. కార్యదర్శి తెచ్చిన ప్రతిపాదనని కమిటీ ఎప్పుడైనా ఆపిందా, మార్చిందా, ‘ఇంకో కొటేషన్ తీసుకురండి’ అని వెనక్కి పంపిందా? ఇది మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశాల తీర్మానాలు రాసే పుస్తకంలో దొరుకుతుంది. చివరి ఎనిమిది సమావేశాలు తీసుకోండి. మూడు నెలలకోసారి కూర్చునే కమిటీ అయితే రెండేళ్లు వస్తాయి. వేరే కాగితం మీద (పుస్తకంలో గీతలు పెట్టకండి, అది రికార్డు) ప్రతి తీర్మానానికీ ఒక గుర్తు వేసుకోండి. ఉన్నదున్నట్టు ఆమోదించింది, మార్పుతో ఆమోదించింది, వాయిదా వేసింది, వద్దంది. సన్మానాలు, సంతాపాలు, ధన్యవాదాలు లెక్కలోంచి తీసేయండి. కొన్ని పుస్తకాల్లో అవి తీసేస్తే మిగిలేది పేజీకి రెండు లైన్లే. దాతకి శాలువా కప్పిన వైనం అరపేజీ, ఏడు లక్షల బోరు పనికి ‘చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని ఒక ముక్క. రెండేళ్లలో ఒక్క తీర్మానమూ మారకపోతే ఆ కమిటీ కార్యదర్శికి రబ్బరు స్టాంపు. కార్యదర్శి ఎంత నిజాయితీపరుడైనా సరే, ఆయన పొరపాటు పడిన రోజున పట్టుకునేవాడు లేడు.

ఇప్పుడు సంతకాలు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికో ప్రత్యేకమైన జబ్బుంది. కమిటీలో పేర్లుండే పెద్దలు ఊళ్లో ఉండరు. ఒకాయన విశాఖ, ఒకావిడ హైదరాబాద్, ఒకరు పిల్లల దగ్గర బెంగళూరు. సమావేశానికి వచ్చేది కార్యదర్శి, కోశాధికారి, ఎదురింటి మాస్టారు. కోరానికి (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్యకి) ఇద్దరు తక్కువ. అప్పుడు మినిట్స్ పుస్తకం సంచిలో పడి బండెక్కుతుంది. పలాసలో ఒక సంతకం, నరసన్నపేటలో ఒకటి, మిగతావి విశాఖ వెళ్లే బస్సులో తెలిసినవాళ్ల చేతికిచ్చి. పెట్టేవాళ్లు చదవరు, ‘ఎక్కడ పెట్టమంటావు బాబూ’ అంటారు. పుస్తకం తిరిగొచ్చేసరికి మూడు సమావేశాల సంతకాలు ఒకేసారి పూర్తయిపోతాయి.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. మూడు వేర్వేరు తేదీల కింద ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే వాలు ఉంటాయి. సంతకాల వరుస ప్రతిసారీ అదే. తీర్మానం పేజీ అడుగున ఇరుక్కుని ఉంటుంది, ఎందుకంటే సంతకాలు ముందు, రాత తర్వాత. నోటీసు పంపిన తేదీ ఎక్కడా ఉండదు. సమావేశం తేదీని క్యాలెండర్‌తో కూడా పోల్చండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు సాయంత్రం నాలుగింటికి కోరం పూర్తయిందని రాసుంటే ఎవరు నమ్ముతారు? ఊరంతా సిరిమాను ముందుంటే వీళ్లు బడ్జెట్ సవరణ చర్చించారా?

మందు కూడా ఉంది. ఊళ్లో లేనివాళ్లు వీడియో కాల్‌లో పాల్గొనేలా బైలాస్ (సంస్థ నియమావళి) సవరించి, ఆ సవరణని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. కాల్‌లో ఉన్నవాళ్ల పేర్లు మినిట్స్‌లో వేరేగా రాయాలి. వరుసగా మూడు సమావేశాలకు రానివారి సభ్యత్వం పోతుందన్న నియమం చాలా బైలాస్‌లో ఇప్పటికే ఉంటుంది. దాన్ని ఎవరి మీదా ప్రయోగించరు, పెద్దాయన నొచ్చుకుంటారని. నొచ్చుకునేవారిని గౌరవాధ్యక్షుణ్ని చేసి, కుర్చీ పనిచేసేవాళ్లకివ్వండి.

మినిట్స్ అయ్యాక బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకోండి. ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద చెల్లింపులు ఐదు ఎంచి, ఒక్కోదాన్నీ వెనక్కి తవ్వండి: స్టేట్‌మెంటులో పద్దు, వోచర్, బిల్లు, కొటేషన్లు, తీర్మానం. సరుకైతే స్టాక్ రిజిస్టర్ కూడా. ఎక్కువగా దొరికే లోపం తీర్మానం తేదీ చెల్లింపు తర్వాతిది కావడం. రెండోది, మూడు కొటేషన్లూ ఒకే చేతిరాతలో ఉండడం. మూడోది, వ్యాను అద్దెకిచ్చినవాడు కార్యదర్శికి బావమరిది కావడం. బంధువు దగ్గర తీసుకోవడమే నేరం అనను, చిన్న ఊళ్లో ఎవరో ఒకరికి అందరూ బంధువులే. కానీ ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి, ఆ సభ్యుడు ఆ చర్చలోంచి లేచి వెళ్లాలి, బయటి రేటుతో పోల్చి చూడాలి. సంస్థ సొమ్ముతో స్థాపకులకో వాళ్ల బంధువులకో లాభం చేకూరితే ఆదాయపన్ను మినహాయింపే ప్రమాదంలో పడుతుంది.

తీర్మానం లేని చెల్లింపు ప్రతిదీ తప్పు కాదని కూడా గుర్తుంచుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, కరెంటు, ఫోన్లు లేని ఆ రోజుల్లో టార్పాలిన్లు కొనడానికి కమిటీని పిలవమనడం అన్యాయం. అందుకే అత్యవసరంలో కార్యదర్శి ఎంతవరకు ఖర్చు చేయవచ్చో ముందే తీర్మానించి ఉంచాలి. ఖర్చయ్యాక వచ్చే మొదటి సమావేశంలోనే లెక్క పెట్టి ఆమోదం తీసుకోవాలి. లెక్కంటే బిల్లులే కాదు. టార్పాలిన్లు ఎన్నొచ్చాయి, ఏ ఊరికెన్ని వెళ్లాయి, ఎవరు సంతకమో వేలిముద్రో వేసి తీసుకున్నారు, ఎన్ని మిగిలాయి, అవి ఇప్పుడెక్కడున్నాయి. డబ్బు రూపంలో రాని విరాళానికి చాలా సంస్థల్లో రిజిస్టరే ఉండదు. మాయమయ్యేది అక్కడే.

చెక్కు మీద ఇద్దరి సంతకాలున్నాయని ధీమా పడకండి. ఒకరు ఊరెళ్తూ ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి వెళ్తారు. ఇప్పుడు ఆన్‌లైన్ వచ్చాక ఇంకా తేలికైంది: పద్దు ఎక్కించేది, ఆమోదించేది ఇద్దరుగా కాగితం మీద ఉంటారు, ఓటీపీలు రెండూ ఆఫీసు కుర్రాడి ఫోన్‌కే వస్తాయి. బ్యాంకులో ఏ నంబర్లు నమోదయ్యాయో అడిగి చూడండి.

ఇక కమిటీకి ప్రతిసారీ ఏ లెక్క చూపిస్తున్నారు? ‘బ్యాంకులో 14 లక్షలున్నాయి’ అంటే అందరూ తలూపుతారు. అందులో 11 లక్షలు బోర్ల కోసమే వచ్చినవనుకోండి, సంస్థ తన ఇష్టప్రకారం వాడుకోగలిగింది 3 లక్షలే. జీతాలు, అద్దె కలిపి నెలకి 1.6 లక్షలైతే రెండు నెలలకి కూడా చాలదు. జీతాలు ఆగకూడదని బోర్ల డబ్బు తీస్తారు, తర్వాతి గ్రాంటు రాగానే సర్దేద్దామని. ఆ గ్రాంటు ఆలస్యమైతే గొయ్యి పడుతుంది. దొంగతనం చేసే సంస్థల కంటే ఇలా మునిగే సంస్థలే ఎక్కువని నా నమ్మకం. అందుకని ఏ నిధిలో ఎంతుంది, సొంత డబ్బు ఎన్ని నెలలకొస్తుంది, పీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి), టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిపెట్టే ఆదాయపన్ను) బకాయిలు ఎంత, ఈ మూడూ ఒక్క పేజీలో రావాలి. రాకపోతే కోశాధికారిని అడగండి. ఆయన కార్యదర్శి మొహం వైపు చూస్తే మీకు జవాబు దొరికినట్టే.

‘ఆడిట్ అయింది కదా’ అంటారు. ఆడిటర్ తనకి చూపించిన కాగితాలు చూస్తాడు. పైగా గడువు సెప్టెంబరు 30 అని తెలిసినా, కాగితాల కట్ట చివరి వారంలో ఆయన బల్ల మీద పడేస్తారు. కమిటీలో ఇద్దరైనా కార్యదర్శి లేకుండా ఆడిటర్‌తో అరగంట కూర్చుని, ‘మీకు అడిగినా దొరకని కాగితం ఏది’ అని అడగాలి.

మార్కుల ఫారం ఎలాగూ తప్పదు కాబట్టి ఒక చిట్కా. అందరూ కూర్చుని ఒకే ఫారం నింపొద్దు. పేర్లు లేకుండా ఎవరిది వాళ్లు నింపాలి, ‘తెలియదు’ అనే గడి ఒకటి చేర్చాలి. సగటు తీయకండి. ఏ ప్రశ్నకి ఒకరు ఐదు, ఇంకొకరు ఒకటి వేశారో, ఎక్కడ ఎక్కువమంది ‘తెలియదు’ పెట్టారో, ఆ నాలుగైదు ప్రశ్నల మీదే ఒక సమావేశం పెట్టండి. కార్యదర్శి కాగితం మాత్రం విడిగా ఉంచి పోల్చండి.

చివరగా, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కమిటీ జాబితా నకలు తెప్పించుకోండి. సొసైటీ అయితే 2001 నాటి రాష్ట్ర చట్టం కింద ఏటా కొత్త జాబితా అక్కడ ఇవ్వాలి. ఐదారేళ్లుగా ఇవ్వని సంస్థలు కొల్లలు. ప్రెసిడెంటు కాలం చేశాక సంతకం మార్చమని బ్యాంకుకి వెళ్తే, వాళ్లు రిజిస్ట్రార్ ముద్ర ఉన్న జాబితా అడుగుతారు. అందులో చనిపోయినవాళ్ల పేర్లే ఉంటాయి, ఖాతా ఆగిపోతుంది, జీతాలు ఆగుతాయి. సభ్యుల మధ్య తగువు కూడా ఉంటే ఆర్బిట్రేషనో జిల్లా కోర్టో దాకా వెళ్లాల్సిందే. మీ పేరు ఆ జాబితాలో ఎక్కిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.